కంచం అంచున పేరు

ఆమదాలవలసలో రైలు దిగేసరికి ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఈ స్టేషన్ బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది. భుజాన ఉన్న సంచీలో, పాత నేతచీర ముక్కలో చుట్టిన మా అమ్మమ్మ కంచం ఉంది. కిలోకి పైనే బరువు. వంతెన మెట్లు ఎక్కుతుంటే అడుగడుక్కీ నడుముకి తగులుతూ వచ్చింది.

ఆ కంచం పగిలింది నా చేతిలోనే. సంక్రాంతికి అటక మీంచి దించి, చింతపండుతో తోమి, గట్టు మీద బోర్లించబోతుంటే జారింది. తీసి చూస్తే ఏమీ కాలేదు, సొట్ట కూడా పడలేదు. బతికిపోయాననుకున్నాను. మూడోనాడు అన్నం వడ్డిస్తుంటే గరిటె అంచుకి తగిలింది. అంతకుముందు అలా తగిలితే ఖంగుమని మోగి, ఆ మోత వంటింట్లోంచి వసారా దాకా సాగి, ఎక్కడో సన్నగా ఆగేది. ఇప్పుడు టక్కుమని ఊరుకుంది. వెలుతురుకి పట్టి చూస్తే అంచునుంచి లోపలికి వెంట్రుకంత గీత. నా కంటికి ఆనని దెబ్బని చెవి పట్టుకుంది.

మా ఊళ్లో గ్యాసు వెల్డింగు చేసే అబ్బాయి దాన్ని చేత్తో కూడా ముట్టుకోలేదు. "కంచు మేం పట్టమండీ" అన్నాడు. పాత సామాన్ల వాళ్లు మాత్రం తూకానికి తీసుకుంటామన్నారు. తూకానికి ఇవ్వడానికి మనసొప్పక, కంచు పని తెలిసిన మనుషుల దగ్గరికే తీసుకెళదామని బుడితి బయల్దేరాను. శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలోని ఊరది. అక్కడి కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

స్టేషన్ బయట టీ తాగుతుంటే గుర్తొచ్చింది, నేను నిలబడ్డది కరణం మల్లీశ్వరి ఊరి పొలిమేరలోనని. ఆమె బరువులెత్తడం మొదలుపెట్టిన ఊసవానిపేట ఇక్కడికి దగ్గరే. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. మొదటి ఇద్దరూ ఎత్తింది చెరి 242.5 కిలోలు. ఆఖరి ప్రయత్నంలో ఆమె 137.5కి వెళ్లింది, అది నిలవలేదు. అది నిలిచి ఉంటే బంగారమే. ఆ రోజు మా ఇంట్లో రేడియో చుట్టూ చేరిన పెద్దవాళ్లు "అయ్యో, కాంస్యమేనా" అనలేదు. ఆ మాటకి ఎవరూ మూడోస్థానం అనే అర్థం చెప్పుకోలేదు. అమ్మమ్మ అయితే, "కంచు పతకమా? కంచే మంచిదమ్మా, పదికాలాలు ఉంటుంది" అంది. పేపర్లో కాంస్యం అని వేస్తే ఆవిడ కంచు అని చదువుకుంది.

ఆవిడ చదువుకున్నదాంట్లో తప్పులేదు. సంస్కృతంలోని కాంస్యమే జనం నోళ్లలో నాని కంచు అయింది. ఒకే మాట రెండు వేషాల్లో మన దగ్గర తిరుగుతోంది. పతకానికి, మ్యూజియంలో విగ్రహానికి, చరిత్ర పాఠంలో యుగానికి కాంస్యం. గంటకి, గిన్నెకి, గొంతుకి కంచు. కాంస్యాన్ని అద్దాల పెట్టె ఇవతల నిలబడి చూస్తాం. కంచుని తోముతాం, అందులో తింటాం, దాన్ని మోగిస్తాం.

ఆ సిడ్నీ పతకం సంగతి ఒకటి చెప్పాలి. ఆస్ట్రేలియా వాళ్లు ఒక సెంటు, రెండు సెంట్ల నాణేలను 1992 నుంచి చెలామణీలోంచి తీసేశారు. ఆ చిల్లరను కరిగించి, కాస్త వెండి కలిపి 2000 ఒలింపిక్స్ కాంస్య పతకాలు చేశారు. ఆ నాణేల్లో నూటికి 97 పాళ్లు రాగి, 2.5 తుత్తునాగం, 0.5 తగరం. ఎవరెవరి జేబుల్లోనో, పిల్లల పిడికిళ్లలోనో తిరిగిన చిల్లర ఊసవానిపేట పిల్ల మెడలోకి వచ్చిందనుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అదే సంగతి మధ్యాహ్నం బుడితిలో చెప్తే, అక్కడ కంచు పని చేసే పెద్దాయన వేళ్ల మీద లెక్కేసి, "నూటికి అరపాలు తగరవఁయితే అది రాగేనమ్మా, కంచు కాదు" అన్నారు. పతకాన్ని తక్కువచేసే గొంతు కాదది, ఆయన లోహాన్ని దాని పేరుతో పిలిచారు, అంతే.

శ్రీకాకుళం మీదుగా నరసన్నపేట, అక్కడినుంచి లోపలికి ఆటో. పక్క సీటాయన పేపర్లో పెద్ద అక్షరాలతో ఏదో నియోజకవర్గం ఒక పార్టీకి కంచుకోట అని ఉంది. కంచుతో కోట ఎవరు కట్టారు? ఎవరూ కట్టలేదు. గట్టిదనం అనగానే తెలుగువాడికి ఇనుము కన్నా ముందు కంచు తడుతుంది, అందుకే ఆ మాట. ఎంత వెతికినా దొరకనిదాన్ని కంచుకాగడా పెట్టి వెతికినా దొరకదంటాం. ఎస్వీ రంగారావు గొంతుని కంచుకంఠం అనకుండా ఉండలేం. దారి పొడుగునా వరుసగా ఇవే మాటలు తలుచుకుంటూ వెళ్లాను. ఇంగ్లీషువాళ్ల బ్రాంజ్ ఎక్కువగా రంగు. ఎండకి కమిలిన చర్మానికీ అదే మాట, విగ్రహానికీ అదే. మన కంచుకి రంగుతో పనిలేదు. కంచురంగు చీర కావాలని కొట్లో ఎవరూ అడగరు. మనకది మోత. వేమన కూడా దాన్ని చెవితోనే పట్టుకున్నాడు. అల్పుడి ఆర్భాటానికి కంచునీ, మంచివాడి నెమ్మదికి బంగారాన్నీ పోలిక పెట్టాడు. అంత పెద్దాయనతో నాకు ఈ ఒక్కచోట పేచీ. మోగడం కంచు గుణం. లోపల పగులు లేదని అది చెప్పే సాక్ష్యం అదొక్కటే. బంగారానికి ఆ పరీక్ష లేదు.

ఇన్ని మాటల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది మరొకటుంది. కంచం. కంచుతో చేసింది కాబట్టి కంచం. ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా స్టీలు కంచం, ప్లాస్టిక్ కంచం. ఉన్నవాళ్లింట్లో వెండి కంచం. పేరులో కంచు ఉంది, కంచంలో లేదు. అన్నం పెట్టుకున్నప్పుడల్లా ఆ లోహం పేరు తలుస్తున్నామని ఎవరికీ గుర్తుండదు. నా ఒళ్లోని సంచీలో ఉన్నది పేరుకి తగ్గ కంచం. నా చెయ్యి జారకపోతే ఇంకా అలాగే ఉండేది.

బుడితిలో కంచరి వారి ఇళ్లు అడిగితే ఎవరైనా చూపిస్తారు. ఇంటి ముందు వసారాయే పనిచోటు. ఒక మూల బొగ్గుల బస్తా, ఒక మూల తుక్కు గుట్ట. ముక్కు ఊడిన కొళాయిలు, సొట్టపడ్డ బిందెలు, ఫ్యాను విడిభాగాలు. వసారా చివర వరుసగా ఎండుతున్న మట్టిదిమ్మలు చూస్తే కొబ్బరికాయల్లా కనిపించాయి. ఒక్కో దిమ్మ కడుపులో ఒక్కో చెంబు, కూజా దాగి ఉన్నాయని కాసేపటికి గానీ నాకు అర్థం కాలేదు.

పెద్దావిడ ఒకరు గుమ్మంలో కూర్చుని మైనం పని చేస్తున్నారు. మట్టితో చేసిన లోదిమ్మ మీద మైనం, గుగ్గిలం కలిపిన ముద్దని పల్చగా పరుస్తున్నారు. ఎంత మందాన మైనం పరిస్తే అంత మందాన లోహం వస్తుంది కాబట్టి ఆవిడ వేలు దిమ్మ చుట్టూ తిరుగుతూ ఎక్కడా ఆగదు. ఎక్కడైనా పల్చబడితే వేలికి తెలిసిపోతుంది, వెనక్కి వెళ్లి మరోసారి అద్దుతుంది. దానిమీద మైనం తీగలతో గీతలు, చుక్కలు, గడులు. కాగితం మీద గీసుకున్న నమూనా ఏదీ లేదు. ఆ పైన మెత్తటి మట్టిపూత, దానిమీద పొట్టు కలిపిన ముతక మట్టి. ఎండాక కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది. అది ఖాళీ చేసిన చోటులోకి లోహం పోస్తారు. మొహెంజొదారోలో 1926లో దొరికిన, 10.5 సెంటీమీటర్ల ఎత్తున్న ఆ నర్తకి బొమ్మని పోసింది కూడా ఈ మైనం పద్ధతిలోనే. నాలుగు వేల ఏళ్ల నాటి ఆ పని ఇప్పుడు నా ఎదుట గుమ్మంలో జరుగుతోంది, పక్కన మనవడు సెల్‌ఫోన్లో పాటలు పెట్టుకుని వింటున్నాడు.

ఆ రోజు పోత ఇత్తడిది. ఈమధ్య ఎక్కువ పని ఇత్తడిదేనట. మూస మూత తియ్యగానే తెల్లటి పొగ దూదిలా లేచింది. ఇత్తడి అంటే రాగిలో తుత్తునాగం. తుత్తునాగం 907 డిగ్రీలకే మరిగిపోతుంది, రాగి కరగాలంటే 1085 కావాలి. అందుకే ఇత్తడి కరిగించినప్పుడల్లా తుత్తునాగం పొగై లేస్తుంది. ఆ పొగ ఎక్కువ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. మూతికి తువ్వాలు కట్టుకుని పట్టకారుతో మూస ఎత్తిన కుర్రాడికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. దిమ్మల నోళ్లలోకి ధార పోస్తున్నంతసేపూ ఊపిరి బిగబట్టాడు. చివరి దిమ్మ నిండాక దూరంగా వచ్చి తువ్వాలు దించి గట్టిగా గాలి పీల్చుకున్నాడు. మన దేవుడి గదుల్లో ఇంత పసుపుగా మెరిసే ఇత్తడి వెనక ఇలాంటి ఊపిరులున్నాయి. ఆ కుర్రాడికి మంచి ముసుగు, పొగ లాగే గొట్టం ఉండితీరాలి. కళ అని పొగిడేవాళ్లం ముందు అడగాల్సింది అది.

"కంచు అయితే ఇంత పొగ రాదు" అన్నారు పెద్దాయన. కంచంటే రాగిలో తగరం. మోగే కంచుకి నూటికి 22 పాళ్లకి అటూఇటూగా తగరం పడాలి. విగ్రహాలకీ, పనిముట్లకీ అందులో సగం చాలు. రాగి మెత్తన, తగరం ఇంకా మెత్తన. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది. ఆ రెండు మెత్తనివీ కలిస్తే గోరంత కూడా వంగని గట్టి లోహం పుడుతుంది. దెబ్బ తగిలితే రాగి ఆ దెబ్బని తనలో ఇంకించుకుని ఊరుకుంటుంది. కంచు ఇంకించుకోలేదు, అదురుతుంది, ఆ అదురు చాలాసేపటి దాకా చల్లారదు. ఆ అదురే మోత.

మరి ఇంత మంచి లోహం వంటింట్లోంచి ఎందుకు పోయిందంటే, తగరం మన నేలలో అరుదు. బస్తర్ ప్రాంతంలో కొంత దొరుకుతుంది, మిగతాది చాలావరకు సముద్రం దాటి రావలసిందే. తుత్తునాగానికి ఆ ఇబ్బంది లేదు. రాజస్థాన్‌లోని జావర్‌లో మనవాళ్లు కొన్ని వందల ఏళ్ల కిందటే ఆ ఆవిరిని గొట్టాల్లో పట్టి, చల్లార్చి, తుత్తునాగాన్ని విడదీయడం నేర్చారు. ఇత్తడి చవకైంది. కంచు మాత్రం పెళ్లికి పెట్టే సామాన్లలోకి, దేవుడి గంటలోకి తప్పుకుంది. ఆ తర్వాత సత్తు గిన్నెలు, స్టీలు వచ్చి ఇత్తడిని కూడా అటకెక్కించాయి. కళాయి పొయ్యకుండా ఇత్తడిలో పులుసు కాస్తే చిలుమెక్కి విషమవుతుంది. కంచుకి కళాయి అక్కర్లేదు. మా అమ్మమ్మ పెరుగూ చారూ కంచులోనే ఉంచేది. మాకు జ్వరమొస్తే అరికాళ్లకి ఆముదం రాసి కంచు గిన్నె అడుగుతో రుద్దేది. గిన్నె నల్లబడితే వేడి దిగిందని చెప్పేది. నల్లబడటం ఆముదానికీ లోహానికీ మధ్య జరిగేదేనని పెద్దయ్యాక తెలిసింది. అయినా ఆ గిన్నె చల్లదనం అరికాళ్లకి ఇంకా గుర్తుంది.

ఇక కంచం తీశాను. పెద్దాయన దాన్ని ఎడమచేతి మూడువేళ్ల మీద నిలబెట్టి, కుడిచేతి వేలి గోటితో అంచున ఒక్కసారి మీటారు. చెవి దగ్గర పెట్టుకున్నారు. కొంచెం తిప్పి మళ్లీ మీటారు. నేను చెప్పకుండానే గీత ఉన్న చోటుకి వచ్చి ఆగారు.

"ఇది పోత పని కాదు తల్లీ, కొట్టుడు పని" అన్నారు. బోర్లించి, అడుగున మసక వెలుతురులో మాత్రమే కనబడే చిన్నచిన్న పలకలు చూపించారు. ఒక్కో పలకా ఒక్కో సుత్తి దెబ్బ. కంచుని చల్లగా ఉన్నప్పుడు కొడితే కుండలా పగిలిపోతుంది. ఎర్రగా కాల్చి, ఆ ఎరుపు ఉన్న కొన్ని క్షణాల్లోనే నలుగురు చుట్టూ చేరి వరుసన దెబ్బలు వేయాలి. ఎరుపు తగ్గగానే ఆపి మళ్లీ కొలిమిలో పెట్టాలి. చివరికి ఎర్రగా ఉండగానే నీళ్లలో ముంచాలి. ఇనుముని అలా ముంచితే బిరుసెక్కుతుంది. ఈ కంచు అలా ముంచితేనే పెళుసుదనం తగ్గి దెబ్బకి ఆగుతుంది. ఇలా నలుగురు కలిసి కొట్టే పని ఒడిశాలో భువనేశ్వర్ దగ్గరి బలకాటి లాంటి ఊళ్లలో ఇంకా సాగుతోంది. కూచిపూడి తరంగంలో పళ్లెం అంచుల మీద నిలబడి ఆడతారు కదా, అది కంచు పళ్లెమేనా అని అడిగాను. "ఇత్తడమ్మా. కంచు మీద ఆడితే పళ్లెం ఉండదు" అన్నారు.

"అతకడం కుదరదా?"

"అతకదు తల్లీ. అక్కడ మంట పెడితే పక్కన ఇంకో గీత లేస్తాది. కంచుకి రెండే దార్లు. మోగడం, లేపోతే కరగడం." పక్కనున్న పెద్దావిడ అందుకుని, "కరిగిస్తే ఏం పోదమ్మా, కొత్తదైపోతాది. మళ్లీ మోగుతాది" అన్నారు.

దీన్ని వేరే తుక్కుతో కలపకుండా విడిగా చిన్న మూసలో కరిగిస్తామన్నారు. కంచానికి సరిపోయే కొట్టుడు పని తమ దగ్గర లేదనీ, చేతి గంట పోసి ఇస్తామనీ, నెల రోజులు పడుతుందనీ చెప్పారు. నేను వెంటనే ఊ అనలేకపోయాను. బయటికి వచ్చి వేపచెట్టు కింద నిలబడ్డాను. పొలాల మీంచి తడిగాలి వస్తోంది. అమ్మమ్మ ఆ కంచంలో ముద్దలు కలిపి మా నలుగురికీ చేతుల్లో పెట్టేది. అందరికీ పెట్టాక చివర్లో మజ్జిగతో కంచం కడిగి తాగేది. ఆ కంచాన్ని నేను గోడకి వేలాడదీస్తే ఆవిడకి నచ్చుతుందా? వస్తువు పని చెయ్యకుండా కూర్చోవడం ఆవిడకి గిట్టేది కాదు.

లోపలికి వచ్చి సరేనన్నాను. అంచు మీద ఆవిడ పేరు ఉంది. వెనకటి రోజుల్లో పాత్రలు కొంటే కొట్లోనే ఉలితో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించేవారు. నలుగురి సామానూ కలిసే పెళ్లిళ్లలో ఎవరిది వాళ్లకి తెలియాలని. "ఆ ముక్క ఒక్కటి నాకు ఇచ్చెయ్యండి" అన్నాను. ఆయన తలూపి కంచాన్ని దాగలి మీద పెట్టారు. మూసలో పట్టాలంటే ముక్కలు చెయ్యాలి. సుత్తి ఎత్తి, ఒక్క క్షణం నావైపు చూసి, మధ్యలో వేశారు.

నిజంగానే కుండలా పగిలింది. ఎక్కడా వంగలేదు, సాగలేదు. చెక్కల్లా విడిపోయింది. పైన అరవై ఏళ్ల తోముడుకి తేలిన బంగారు రంగు. పగిలిన చోట మాత్రం బూడిద కలిసిన తెలుపు, సన్నటి పలుకులతో, గుండ చేసిన పటికబెల్లంలా ఉంది. ఇన్నేళ్లు చూసిన వస్తువు లోపలి రంగు నాకు అప్పటిదాకా తెలియదు.

కుర్రాడు ముక్కల్ని ఏరి కొత్త మూసలో వేశాడు. పేరున్న అంచు ముక్కని పెద్దాయన ఆకురాయితో నాలుగువైపులా గరగర అరగదీసి, చేతికి గుచ్చుకోకుండా చేశారు. పంచె కొంగుతో తుడిచి, నాకివ్వబోతూ ఆగి, రెండు వేళ్ల మధ్య వదులుగా పట్టుకుని గోటితో మీటారు.

చిన్న ముక్క, అరచేతిలో సగం లేదు. సన్నగా, పొట్టిగా, పిట్ట కూసినట్టు మోగింది.